హెక్సోకైనేజ్ 2 యాంటీబాడీ: మన వరంగల్ ల్యాబుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ల్యాబ్‌కి వచ్చే జూనియర్లు, కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు కాలేజీల నుంచి ఫోన్ చేసే పిల్లలు ఈ ఒక్క యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే ప్రోటీన్) గురించి ఇన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలు ఇవి. చిన్న సీసా, అందులో 100 మైక్రోలీటర్లు, ధర చూస్తే పదుల వేల రూపాయలు. ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోయే మనలాంటి వాళ్లకి అది చిన్న మాట కాదు. ఒక్క చుక్క కూడా వృథా కావద్దని, అంతకన్నా ముఖ్యంగా ఆ చుక్క చెప్పని మాటని చెప్పినట్టు మనం రాసుకోవద్దని ఈ జవాబులు రాస్తున్నాను.

ఈ యాంటీబాడీ అసలు దేన్ని పట్టుకుంటుంది?

హెక్సోకైనేజ్ 2 అనే ఎంజైమ్‌ని. మనం రాసుకునేటప్పుడు హెచ్‌కే2 అంటాం. కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌కి కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి తగిలించి, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మార్చడం దీని పని. గ్లూకోజ్‌ని విడగొట్టి శక్తి తీసే గ్లైకాలిసిస్‌లో మొదటి మెట్టు ఇదే. ఎనుమాముల మార్కెట్ యార్డులో కాంటా అయిన పత్తి బస్తా మళ్లీ బండెక్కి ఇంటికి పోదు కదా, అట్లనే ఫాస్ఫేట్ తగిలిన గ్లూకోజ్ కణం దాటి బయటికి పోలేదు. క్యాన్సర్ పేషెంట్లకి చేసే పెట్ స్కాన్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఫ్లోరిన్ కలిపిన గ్లూకోజ్‌కి హెక్సోకైనేజ్ ఫాస్ఫేట్ పెడుతుంది, అది ముందుకీ పోలేక బయటికీ రాలేక కణంలోనే చిక్కుకుని స్కాన్‌లో మెరుస్తుంది.

హెక్సోకైనేజ్ అనే పేరు 1927లో ఓటో మేయర్‌హాఫ్ పెట్టాడు. ఆయనకి అది దొరికింది ఈస్ట్‌లో.

హెక్సోకైనేజ్‌లు నాలుగున్నాయి అంటారు. ఈ రెండోదాని మీదే అందరికీ ఎందుకంత పట్టింపు?

ఒకటోది మెదడులో, ఎర్ర రక్తకణాల్లో, దాదాపు ప్రతి చోటా ఉంటుంది. మూడోది తెల్ల రక్తకణాల్లో కనిపిస్తుంది. నాలుగోదాన్నే గ్లూకోకైనేజ్ అంటాం. అది కాలేయానిది, క్లోమంలోని బీటా కణాలది. రెండోది కండరంలో, గుండెలో, కొవ్వు కణజాలంలో ఉంటుంది, ఇన్సులిన్ మాట వింటుంది. ఇన్సులిన్ పెరిగితే కండరంలో హెచ్‌కే2 తయారీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు హిఫ్-1 అనే ప్రోటీన్ దీన్ని పైకి లేపుతుంది. చాలా రకాల క్యాన్సర్ కణాలు కూడా దీన్ని విపరీతంగా పెంచుకుంటాయి. ఆక్సిజన్ ఉన్నా సరే క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చేస్తాయని ఓటో వార్‌బర్గ్ 1920లలో చూపించాడు. ఆ కథలో ఈ ఎంజైమ్‌ది పెద్ద పాత్ర.

కొలతలు కూడా గుర్తుపెట్టుకోండి, బ్లాట్ (ప్రోటీన్లని జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి దించి, యాంటీబాడీతో గీతలుగా, అంటే బ్యాండ్లుగా, చూసే పరీక్ష) చదివేటప్పుడు అవే కాపాడతాయి. మొదటి మూడూ సుమారు 100 కిలోడాల్టన్ల బరువు. గ్లూకోకైనేజ్ అందులో సగం, 50 దగ్గర. మొదటి మూడూ 1 మిల్లీమోలార్ కన్నా తక్కువ గ్లూకోజ్ ఉన్నా అందుకుంటాయి. గ్లూకోకైనేజ్‌కి సుమారు 8 మిల్లీమోలార్ ఉంటే గానీ సగం వేగం రాదు. అందుకే భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరిగినప్పుడు కాలేయం పనిలోకి దిగుతుంది.

మా నాన్నకి షుగర్ ఉంది. ఆయన రక్తంలో దీన్ని పెట్టి చూడొచ్చా?

వద్దు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, అడిగిన ప్రతిసారీ దాని వెనుక ఉన్న బెంగ నాకు అర్థమైంది. కానీ ఇది పరిశోధన కోసం మాత్రమే అని లేబుల్ మీదే రాసి ఉంటుంది. హెచ్‌కే2 కండరం లోపల, కొవ్వు కణాల లోపల పనిచేసే ప్రోటీన్. రక్తంలో దాన్ని వెతికి షుగర్ గురించి ఏమీ చెప్పలేం. నాన్నకి కావాల్సింది పరగడుపు గ్లూకోజ్, భోజనం తర్వాత గ్లూకోజ్, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ. వాటితో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తంగేడు పూల సారం ఇచ్చిన ఎలుకల కాలేయంలో హెచ్‌కే2 బ్యాండే రావడం లేదు. యాంటీబాడీ పాడైందా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

మన దగ్గర ఫార్మసీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఎక్కువగా చేసే పని ఇది: ఎలుకలకి స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగర్ తెప్పించడం, తర్వాత తంగేడో, పొడపత్రో, నేరేడు గింజల పొడో ఇచ్చి ఏమవుతుందో చూడడం. మంచి పనే. బతుకమ్మ పేర్చే పువ్వు, మన రాష్ట్ర పుష్పం. దాని గుణం మన ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగా విని, పరీక్షించి చూడాలనుకోవడం గౌరవించాల్సిన సంగతి. కాకపోతే షుగర్ అనగానే అందరూ కాలేయం కోసి దాచిపెడతారు. తర్వాత హెచ్‌కే2 యాంటీబాడీ కొంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుక కాలేయ కణాల్లో ఉండేది గ్లూకోకైనేజ్, హెచ్‌కే2 బాగా తక్కువ. అక్కడ లేనిదాన్ని యాంటీబాడీ చూపించదు. చూపించకపోవడమే అది సరిగ్గా పనిచేస్తోందని చెప్పే మాట.

మీకు హెచ్‌కే2 కావాలంటే పిక్క కండరం తీసుకోండి, లేదా గుండె. కాలేయం గురించే మీ ప్రశ్న అయితే గ్లూకోకైనేజ్ యాంటీబాడీ కొనండి. రెండూ దాచుకుంటే ఇంకా మంచిది. ఎలుకల్ని కోసే రోజే, నీతి కమిటీకి రాసిచ్చిన ప్రోటోకాల్‌లోనే కండరం కూడా చేర్చుకోండి. ఆ రోజు దాటాక మళ్లీ ఆ ఎలుక దొరకదు.

ఇంకో మాట. కాలేయ క్యాన్సర్ కణాల్లో ఇది తలకిందులవుతుంది. గ్లూకోకైనేజ్ తగ్గి హెచ్‌కే2 పైకొస్తుంది. ల్యాబుల్లో పెంచే హెప్‌జీ2 అనే కాలేయ క్యాన్సర్ కణాల్లో మీకు బ్యాండ్ వచ్చిందంటే అందుకే. దాన్ని చూసి మామూలు కాలేయంలోనూ వస్తుందనుకోకండి.

మోనోక్లోనల్ కొనాలా, పాలీక్లోనలా?

మన పనికి కుందేలు మోనోక్లోనల్ కొనమంటాను, రీకాంబినెంట్ (జన్యువు నుంచి ల్యాబులో తయారుచేసినది) అయితే మరీ మంచిది. మోనోక్లోనల్ తయారుచేసే పద్ధతి కోలర్, మిల్‌స్టైన్ 1975లో కనిపెట్టారు, 1984లో నోబెల్ అందుకున్నారు. దాని బలం ఏమిటంటే ప్రోటీన్‌లో ఒకే ఒక చోటుని పట్టుకోవడం. హెచ్‌కే1, హెచ్‌కే2 వరుసలు నూటికి డెబ్బై పైగా ఒకేలా ఉంటాయి, బరువూ ఒకటే. చాలా చోట్లని పట్టుకునే పాలీక్లోనల్ రెండింటినీ పట్టుకుంటే జెల్ మీద మీరు వాటిని విడదీయలేరు. డేటాషీట్‌లో హెచ్‌కే1తో పరీక్షించి చూశారా లేదా అన్నది కొనేముందే చదవండి. రాసి లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. జవాబు ఇవ్వని కంపెనీ దగ్గర నేనైతే కొనను.

కుందేలుదే ఎందుకంటే, ఎలుక కండరంలో రక్తం కొంత మిగిలి ఉంటుంది, అందులో ఎలుక సొంత యాంటీబాడీ, అంటే ఐజీజీ, ఉంటుంది. మీ ప్రైమరీ (ప్రోటీన్‌ని పట్టుకునే మొదటి యాంటీబాడీ) చిట్టెలుకదైతే సెకండరీ (ఆ మొదటిదాన్ని పట్టుకుని చూపించే రెండోది) ఆ ఐజీజీని కూడా పట్టుకుని 50 దగ్గర, 25 దగ్గర లావుపాటి బ్యాండ్లు చూపిస్తుంది. ఆ 50 బ్యాండ్‌ని చూసి గ్లూకోకైనేజ్ వచ్చిందని సంబరపడి సెమినార్‌లో చూపించిన అబ్బాయిని నేనెరుగుదును. ఎంత కష్టపడి చేశాడో కూడా తెలుసు కాబట్టి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పార్సిల్ వచ్చేసరికి ఐస్ ప్యాక్ కరిగిపోయింది. వెనక్కి పంపాలా?

తొందరపడకండి. చాలా యాంటీబాడీలు ఒకటి రెండు రోజులు గది వేడిని తట్టుకుంటాయి. కానీ మన మే నెల ఎండలో వ్యాన్‌లో పడి ఉండడం గది వేడి కాదు. డబ్బా తెరిచిన వెంటనే ఫొటో తీయండి, టైమ్ రాయండి, అదే రోజు కంపెనీకి తెలపండి. తర్వాత కంట్రోల్ శాంపిల్‌తో ఒక బ్లాట్ చేసి చూడండి. బ్యాండ్ బాగుంటే సీసా బాగున్నట్టే.

ఆర్డర్ పెట్టే వేళ కూడా చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి మనకి దాదాపు 150 కిలోమీటర్లు, మామూలు రోజుల్లో పెద్ద దూరమేం కాదు. కానీ శుక్రవారం బయల్దేరిన పార్సిల్ ఆదివారమంతా ఎక్కడో కూర్చుంటుంది. బతుకమ్మ, దసరా సెలవుల్లో ఆఫీసులో సంతకం పెట్టేవాళ్లు ఉండరు. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు బస్సులన్నీ అటే, రోడ్లన్నీ జనమే. ఆ వారం కోల్డ్ పార్సిల్ తెప్పించుకోకండి. సోమవారం పంపమని ముందే చెప్పి, ఇక్కడ తీసుకునే మనిషి నంబరు ఇవ్వండి.

ఎక్కడ, ఎలా దాచాలి?

సగం గ్లిసరాల్ ఉన్న సీసా అయితే మైనస్ 20లో పెట్టినా గడ్డకట్టదు, అట్లనే వాడుకోవచ్చు. గ్లిసరాల్ లేకపోతే వచ్చిన రోజే 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచేసుకోండి. గడ్డకట్టి కరగడం, మళ్లీ గడ్డకట్టి కరగడం యాంటీబాడీకి అన్నిటికన్నా చెరుపు. ఇళ్లల్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో అస్సలు పెట్టకండి, మంచు కరిగించడానికి అది తనంతట తానే వేడెక్కుతుంటుంది. కరెంటు పోతే తలుపు తెరిచి చూడొద్దు. ఫ్రీజర్‌లో ఖాళీ జాగా అంతా ఐస్ ప్యాకులతో నింపి ఉంచితే కొన్ని గంటలు గట్టెక్కిస్తాయి.

మొదటి బ్లాట్‌కి ఏ కొలతలతో మొదలుపెట్టాలి?

నేను మొదలుపెట్టేది ఇలా. ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్ చెడకుండా ఆపేది) వేసిన రిపా అనే డిటర్జెంట్ బఫర్‌లో, ఐస్ మీద కణాల్ని పగలగొట్టి లైసేట్ చేస్తాను. హెచ్‌కే2 కొంత సైటోసాల్‌లో, కొంత మైటోకాండ్రియా బయటి పొరని అంటుకుని ఉంటుంది. మెత్తని డిటర్జెంట్‌తో సరిపెడితే ఆ రెండో భాగం పెల్లెట్‌లోనే, అంటే అడుగున పేరుకున్న ముద్దలోనే, ఉండిపోయే ప్రమాదం ఉంది. ఒక్కో లేన్‌కి 20 నుంచి 30 మైక్రోగ్రాముల ప్రోటీన్. జెల్ 8 శాతం, ఎందుకంటే 100 కిలోడాల్టన్ల ప్రోటీన్ 12 శాతం జెల్‌లో పైనే ఇరుక్కుంటుంది. పీవీడీఎఫ్ మెంబ్రేన్‌ని ముందు మెథనాల్‌లో ముంచి, వెట్ ట్రాన్స్‌ఫర్ 100 వోల్టుల దగ్గర గంటన్నర, ట్యాంక్ చుట్టూ ఐస్. ట్రాన్స్‌ఫర్ కాగానే పాన్సో అనే ఎర్ర రంగు పోసి చూడండి. లేన్లన్నీ ఎర్రగా సమానంగా ఉన్నాయా, పై భాగంలో కూడా ప్రోటీన్ దిగిందా? ఈ రెండు నిమిషాల పని చేయకుండా ముందుకు పోవద్దు.

బ్లాకింగ్‌కి 5 శాతం స్కిమ్ మిల్క్ పౌడర్, గంటసేపు. కిరాణా కొట్లో దొరికే టీ పొడిపాలు చాలావాటిలో చక్కెర, కొవ్వు కలిపి ఉంటాయి, కవర్ వెనుక చదివి స్కిమ్ మిల్క్ మాత్రమే తెచ్చుకోండి. ప్రైమరీ 1:1000, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. టీబీఎస్‌టీ బఫర్‌తో పదేసి నిమిషాలు మూడుసార్లు కడగాలి. హెచ్‌ఆర్‌పీ (వెలుగు పుట్టించే ఎంజైమ్) తగిలించిన సెకండరీ 1:5000, గంట. ఇవి మొదలుపెట్టే కొలతలే. మీ సీసా డేటాషీట్ వేరే చెబితే దాని మాటే వినండి.

కంట్రోల్ శాంపిల్‌గా ఏం పెట్టాలి?

వస్తుందని తెలిసినది ఒకటి, రాదని తెలిసినది ఒకటి, ఈ రెండూ ప్రతి బ్లాట్‌లో ఉండాలి. వచ్చేదానికి హీలా అనే క్యాన్సర్ కణాలో, ఎలుక గుండో. రానిదానికి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ)తో హెచ్‌కే2ని అణిచిన కణాలు ఉంటే వాటిని మించింది లేదు. అణచగానే బ్యాండ్ కూడా తగ్గిందంటే ఆ బ్యాండ్ హెచ్‌కే2దే. ఆ సౌకర్యం లేని ల్యాబులో మామూలు కాలేయం పెట్టండి, పూర్తి రుజువు కాకపోయినా ఎంతో కొంత ధైర్యం. వీటితోపాటు ప్రైమరీ వేయకుండా సెకండరీ మాత్రమే వేసిన ఒక ముక్క. ఖర్చేం లేదు, ఎన్నో అనుమానాలు తీరుస్తుంది.

లోడింగ్ కంట్రోల్‌గా (ప్రతి లేన్‌లో ప్రోటీన్ సమానంగా పడిందని చూసేందుకు) జీఏపీడీహెచ్ పెట్టాం. సరిపోదా, అక్కా?

అందరూ పెడతారు, మా ల్యాబులో కూడా ఏళ్ల తరబడి పెట్టాం. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. జీఏపీడీహెచ్ కూడా గ్లైకాలిసిస్ ఎంజైమే. హెచ్‌కే2ని కదిలించేవే చాలాసార్లు దాన్నీ కదిలిస్తాయి.

నాకే జరిగింది చెబుతాను. కణాలకి కోబాల్ట్ క్లోరైడ్ ఇచ్చి ఆక్సిజన్ తక్కువైన పరిస్థితి తెప్పించి, హెచ్‌కే2 ఎంత పెరిగిందో కొలిచాను. జీఏపీడీహెచ్‌తో భాగించి చూస్తే పెరుగుదల దాదాపు కనబడలేదు. డోసు మార్చాను, టైమ్ మార్చాను, నాలుగు నెలలు రాత్రిళ్లు టెన్షన్‌తో గడిచాయి. చివరికి పాత మెంబ్రేన్ల పాన్సో ఫొటోలు తీసి పక్కన పెట్టుకుని చూస్తే తేలింది: మొత్తం ప్రోటీన్ సమానంగానే ఉంది, పెరిగింది జీఏపీడీహెచ్ కూడా. పైనా కిందా రెండూ పెరిగితే భాగహారంలో ఏం మిగులుతుంది? మొత్తం ప్రోటీన్‌తో మళ్లీ లెక్కగడితే హెచ్‌కే2 పెరుగుదల స్పష్టంగా బయటపడింది.

చక్కెర జీవక్రియ మీద పనిచేసేవాళ్లు మొత్తం ప్రోటీన్ స్టెయిన్ వాడండి. లేదంటే బీటా యాక్టిన్, ట్యూబులిన్ లాంటివి, అవి కూడా మీ ప్రయోగంలో కదలడం లేదని చూసుకున్నాకే.

బ్యాండ్ ముదురుగా వచ్చిందంటే ఎంజైమ్ ఎక్కువ పనిచేస్తున్నట్టే కదా?

కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా పేజీ అంతా మరిచిపోయినా పర్లేదు.

యాంటీబాడీకి తెలిసింది ప్రోటీన్ ఎంత ఉందన్నదే. అది పనిచేస్తోందో, ఊరకే కూర్చుందో దానికి తెలియదు. పైగా జెల్‌లో వేసేముందు మనం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో మరిగించి దాని రూపమే చెరిపేశాం. కణంలో ఉన్నప్పుడు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పేరుకుపోతే అదే వచ్చి హెచ్‌కే2ని ఆపుతుంది. తాను తయారుచేసిన సరుకే తనకి అడ్డం. మైటోకాండ్రియాకి అంటుకుని ఉన్న హెచ్‌కే2కి ఏటీపీ దగ్గర్లో దొరుకుతుంది, విడివడితే ఆ వీలు తగ్గుతుంది. ఇవేవీ బ్యాండ్‌లో కనబడవు.

పని ఎంత జరుగుతోందో చూడాలంటే యాక్టివిటీ అస్సే చేయాలి, అది మన ఏ కాలేజీలోనైనా సాధ్యమే. తాజా లైసేట్‌కి గ్లూకోజ్, ఏటీపీ, మెగ్నీషియం ఇచ్చి, పక్కన జీ6పీడీహెచ్ అనే ఇంకో ఎంజైమ్, ఎన్ఏడీపీ పెడితే పుట్టిన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ వెంటనే ఆక్సీకరణ చెంది ఎన్ఏడీపీహెచ్ వస్తుంది. దాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 340 నానోమీటర్ల దగ్గర నిమిషం నిమిషం చదువుకోవచ్చు. అయితే అక్కడ హెచ్‌కే1, హెచ్‌కే2 రెండూ కలిసే లెక్కకొస్తాయి. ఏది ఎంత ఉందో బ్లాట్ చెబుతుంది, మొత్తం ఎంత పని చేయగలదో అస్సే చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టిన థీసిస్‌ని ఎగ్జామినర్ తేలిగ్గా తీసేయలేడు.

వాడిన ప్రైమరీని మళ్లీ వాడొచ్చా?

రెండు మూడుసార్లు వాడొచ్చు, మేమూ వాడతాం. 4 డిగ్రీల దగ్గర దాచండి, తేదీ, ఎన్నోసారో ట్యూబు మీద రాయండి. పాలల్లో కలిపింది త్వరగా పులిసిపోతుంది, దాచాలనుకుంటే బీఎస్ఏ (ఆవు రక్తపు ప్రోటీన్)లో కలపండి. చెడకుండా 0.02 శాతం సోడియం అజైడ్ వేస్తారు. అజైడ్ హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది, కాబట్టి ప్రైమరీ తర్వాత బాగా కడగాలి, సెకండరీలో ఎప్పుడూ వేయకూడదు. అది విషం కూడా. ఆసిడ్‌తో కలపకండి, సింక్‌లో పోయకండి. ఒకటి మాత్రం: కొలత కోసం పోల్చే బ్లాట్లన్నీ ఒకే విడత ప్రైమరీతో చేయాలి. ఒకటి తాజాదానితో, ఒకటి మూడోసారి వాడినదానితో చేసి పోల్చకూడదు.

కల్లులోని ఈస్ట్‌తో ప్రాజెక్ట్ చేస్తున్నాం. ఇదే యాంటీబాడీ పనికొస్తుందా?

ఆశ పెట్టుకోకండి. ఈస్ట్ హెక్సోకైనేజ్ వేరే ప్రోటీన్, బరువు కూడా 54 కిలోడాల్టన్లే. మనిషి హెచ్‌కే2కి తయారుచేసిన మోనోక్లోనల్ దాన్ని గుర్తుపడుతుందనే భరోసా లేదు. మీకు యాక్టివిటీ అస్సేనే చాలు, ఖర్చూ తక్కువ. తాటికల్లో ఈతకల్లో తెల్లవారుజామున చెట్టు దించగానే తెచ్చుకుంటే విద్యార్థులకి కళ్లముందే పాఠం.

బయాప్సీ బ్లాకుల మీద వాడొచ్చా?

ఐహెచ్‌సీకి, అంటే కణజాలం ముక్క మీదే యాంటీబాడీ వేసి చూడడానికి, పనికొస్తుందని డేటాషీట్‌లో ఉంటేనే. బ్లాట్‌లో బాగా వచ్చిన యాంటీబాడీ ఫార్మలిన్ పట్టిన కణజాలంలో రాకపోవచ్చు. సిట్రేట్ బఫర్, పీహెచ్ 6, వేడి చేసి యాంటిజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన ప్రోటీన్‌ని మళ్లీ బయటపెట్టడం) చేయాలి. ఆసుపత్రి బ్లాకులైతే ముందు ఎథిక్స్ కమిటీ కాగితం చేతికి రావాలి, తర్వాతే స్లైడ్.

ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ కాస్త తగ్గించి పేపర్‌కి పంపొచ్చా?

మొత్తం ఫొటోకి సమానంగా చేసిన మార్పు, అదీ ఏ బ్యాండూ మాయం కానంతవరకు, ఒప్పుకుంటారు. ఒక లేన్‌ని మాత్రమే సరిచేయడం, ఒక మచ్చ తుడిచేయడం తప్పు. గైడ్ చేయమన్నా చేయకండి. కత్తిరించని అసలు ఫొటోని మార్కర్ కనిపించేలా దాచుకోండి. మెథడ్స్‌లో కంపెనీ, క్యాటలాగ్ నంబరు, లాట్ (తయారీ విడత) నంబరు, డైల్యూషన్ రాయండి. మీ పేపర్ చదివి ఇంకెక్కడో ఒక విద్యార్థి తన ఫెలోషిప్ డబ్బుతో అదే సీసా కొంటాడు.

మా దగ్గర 8 మైక్రోలీటర్లే మిగిలాయి. కొత్త సీసా వచ్చేదాకా అదీ వాడేయాలా?

అన్నీ వాడేయొద్దు. రెండు మైక్రోలీటర్లు దాచండి. కొత్త లాట్ రాగానే ఒకే లైసేట్‌ని ఒకే జెల్‌లో రెండు వైపులా వేసి, మెంబ్రేన్‌ని సగానికి కోసి, ఒక సగం పాతదానిలో, ఒక సగం కొత్తదానిలో ఉంచండి. బ్యాండ్ ఒకే చోట, ఇంచుమించు ఒకే బలంతో వస్తే ముందుకు సాగండి. ఇందుకోసం మైనస్ 80లో ఒకే లైసేట్ చిన్న చిన్న ట్యూబుల్లో ముందే దాచి ఉండాలి. ఖాళీ అయిన పాత సీసాని పారేయకండి, థీసిస్ రాసేటప్పుడు దాని లేబుల్ మీది లాట్ నంబరు మీకు కావాలి.